కర్టెన్లమ్మ కండబలం

వీధి చివరి మేడలో, మధ్య అంతస్తులో ఉండే ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆమె కర్టెన్లమ్మ. పెళ్లయిన కొత్తలో ఎవరో రెండు కిటికీలకు తెరలు కుట్టిపెట్టమంటే కుట్టింది. అవి చూసి పక్కవాళ్లు, వాళ్లవి చూసి ఇంకొకళ్లు, ఆ తర్వాత లాడ్జీలు, ఆసుపత్రులు, మీటింగు హాళ్లు. అలా నలభై ఏళ్లు ఒకే కుర్చీలో, ఒకే మిషను ముందు గడిచిపోయాయి. ఒంటికి తొడుక్కునే బట్టలు కుట్టమని ఎవరైనా వస్తే, "మనుషుల కొలతలు నాకొద్దమ్మా. ఏడాది తిరిగేసరికి మారిపోతాయి. కిటికీ అయితే ఎప్పుడూ ఒక్కతీరే" అని తిప్పి పంపేసేది.

భర్త లిఫ్టు మేస్త్రి. ఊళ్లో పెద్ద మేడలు చాలావాటికి లిఫ్టులు బిగించింది ఆయనే. చెయ్యెత్తు మనిషి. తలుపులోంచి అడ్డంగా తిరిగి రావాలని తమ్ముడు వేళాకోళం చేసేవాడు. వాళ్లకు పిల్లలు కలగలేదు. కింది వాటాలో ఆ తమ్ముడూ అతని భార్యా, అంటే ఆమెకు మరిదీ తోడికోడలూ. అరుపులూ అలకలూ ఉన్నా, ఇచ్చిపుచ్చుకోవడాలకు లోటు లేని కాపురాలు.

ఒకరోజు పొద్దున చెప్పులు తొడుక్కోబోయి వంగిన మేస్త్రి వంగినట్టే పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. మాట కూడా పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఆయన నోట మిగిలింది ఒక్కటే మాట: "సరే."

"నీళ్లు కావాలా?"

"సరే."

"వద్దా?"

"సరే."

నొప్పి పుట్టినా సరే, కోపం వచ్చినా సరే. మొదట్లో ఏ సరే అవునో, ఏ సరే కాదో పోల్చుకుందామని కర్టెన్లమ్మ చెవులు రిక్కించుకుని వినేది. కొన్నాళ్లకు ఊరుకుంది. పొద్దున లేవడం, ఆయన్ని శుభ్రం చెయ్యడం, తినిపించడం, మిషను ముందు కూర్చోవడం, మళ్లీ లేవడం. చూడవచ్చినవాళ్లు ఆమె చేతులు పట్టుకుని కళ్లు తుడుచుకునేవాళ్లు. ఆమె వాళ్లకు మంచినీళ్లు ఇచ్చేది. ఏడుపు వస్తుందేమోనని ఒకటి రెండుసార్లు వంటగదిలోకి వెళ్లి నిలబడి చూసింది. రాలేదు. వచ్చి మళ్లీ కుట్టు మొదలుపెట్టింది.

ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి మార్చేది మరిదే. అచ్చాపీసులో కాగితం కట్టలు మోసి మోసి రాటుదేలిన మనిషి. పనికి వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పైకొచ్చి, "పద అన్నయ్యా, మొదటి అంతస్తు" అంటూ ఎత్తి కూర్చోబెట్టేవాడు. అన్న సగం ముఖంతో నవ్వేవాడు. అలా ఆర్నెల్లు సాగిందో లేదో, అచ్చాపీసులోనే ఒక కట్ట ఎత్తబోయి మరిది నడుం కలుక్కుమంది. చాప మీద వెల్లకిలా పడుకోవడం తప్ప ఇంకేమీ చెయ్యకూడదన్నారు డాక్టర్లు.

తోడికోడలు మెట్లెక్కి పైకొచ్చి, మంచం వైపు చూడకుండా, మెల్లగా అంది.

"ఇలాంటి వాళ్లను చూసుకునే చోటొకటుందట అక్కయ్యా. శుభ్రంగా చూస్తారట. ఆలోచించు."

"చూద్దాం" అంది కర్టెన్లమ్మ.

ఆ మధ్యాహ్నం తనే ఎత్తబోయింది. ఆయన చంకల కింద చేతులు వేసి లాగింది. ఆయన కదిలాడు కానీ, ఆమె నిలవలేదు. ఇద్దరూ కలిసి నేలమీద పడ్డారు. కింద ఆమె, పైన ఆయన. దెబ్బలేమీ తగల్లేదు. ఆయన బరువు కింద నుంచి ఎలాగో పక్కకు జరిగింది గానీ, లేచి నిలబడదామంటే కాళ్లు మాట వినలేదు. మిషను కాలు పట్టుకుని ప్రయత్నించి, వదిలేసి, అలాగే పడుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయింది. పక్కన ఆయన ఒకటే గొణుగుడు: సరే, సరే, సరే. చప్పుడు విని తోడికోడలు వచ్చి, వీధిలో తాళాలు బాగుచేసే అతన్ని కేకేసి, ఇద్దర్నీ లేపించింది. సిగ్గుపడాల్సిన సంగతని కర్టెన్లమ్మకు తోచింది. సిగ్గు కూడా వెయ్యలేదు.

మరిది నడుముకు వ్యాయామం నేర్పడానికి ఆసుపత్రి నుంచి ఒకావిడ వచ్చింది. యాభై దాటిన మనిషి, పొట్టి, పిడికిలిలా గట్టిగా ఉండేది, గొంతు మాత్రం వీధంతా వినబడేది. అందరూ ఫిజియో అనేవాళ్లు. పైన జరిగింది మరిది చెబితే విని, తన పని కాకపోయినా మెట్లెక్కి వచ్చేసింది. మేస్త్రిని ఒకసారి చూసింది. తర్వాత ఆయన్ని వదిలేసి ఆమె వైపు తిరిగింది.

"ఆ కుర్చీలో కూర్చోండమ్మా. చేతులు గుండెలమీద కట్టుకోండి. ఇప్పుడు లేవండి."

కర్టెన్లమ్మ ముందుకు వంగింది. లేవలేదు. ఇంకోసారి వంగింది. నలభై ఏళ్లుగా ఆ కుర్చీలోంచి మిషను బల్ల పట్టుకునే లేస్తున్నానన్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

"ఇవాళ ఏం తిన్నారు?"

"టీ తాగాను."

"దాంతో?"

"బ్రెడ్డు ముక్క."

"మధ్యాహ్నం?"

"ఆయన తినగా మిగిలింది."

"నిన్న?"

"అదే."

ఫిజియో బల్ల మీద పరిచిన గుడ్డ పక్కకు జరిపి కూర్చుంది.

"మీరు తినట్లేదు కాబట్టి మీ ఒళ్లు తన కండ తనే తింటోందమ్మా. వయసు మీద పడ్డాక కండ సబ్బులా అరిగిపోతుంది. కాకపోతే సబ్బు వాడితే అరుగుతుంది, ఇది వాడకపోతే అరుగుతుంది."

"ఈ వయసులో కండలు పెరుగుతాయా ఎక్కడైనా?"

"డెబ్బై దాటినవాళ్లకూ పెరుగుతాయి. మెల్లగా పెరుగుతాయి, అంతే. దానికి బరువు పెట్టాలి, తిండీ పెట్టాలి. బరువు పెట్టి తిండి మానేస్తే నీరసం. తిండి పెట్టి బరువు మానేస్తే పొట్ట. రెండూ కావాలి."

"నన్ను పహిల్వాన్ని చేస్తారా?"

"మీ ఆయన్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చాలి. దానికి పహిల్వాను అక్కర్లేదు. కూర్చుని లేవగలిగిన మనిషి చాలు."

కర్టెన్లమ్మ ఒప్పుకుంది. పట్టుదల వచ్చి కాదు. భర్త మీద ప్రేమ పొంగుకొచ్చీ కాదు. ఎదుటి మనిషి చెయ్యమంటోంది, కాదనడానికి కూడా ఓపిక కావాలి. పడుకోమని ఉంటే పడుకునేదేమో.

మొదట కుర్చీ మీద దళసరి కర్టెను గుడ్డ మడతలు మడతలుగా వేసి ఎత్తు పెంచారు. ఆ ఎత్తు నుంచి చేతులు ఆనించకుండా లేవగలిగింది. కాళ్లు అలవాటు పడ్డకొద్దీ ఒక్కో మడత తీసేస్తూ రావాలి. గోడకు అరచేతులు ఆనించి ముందుకు వాలి, వెనక్కి నెట్టుకోవాలి. వంటగది గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవాలి. ఆ తర్వాత బరువులు. తెరలు ఎగరకుండా అంచుల్లో వేసి కుట్టే సీసం బిళ్లలు ఆమె దగ్గర డబ్బాలకొద్దీ ఉన్నాయి. మిగులు గుడ్డతో పట్టీలున్న సంచులు కుట్టి, వాటిలో బిళ్లలు నింపింది. అవి పట్టుకుని నేల మీంచి ఎత్తేది, దించేది. వెన్ను వంచకుండా, తుంటి వెనక్కి నెట్టి. ఒకరోజు చేస్తే మర్నాడు కండకు విశ్రాంతి ఇమ్మంది ఫిజియో.

తిండి సంగతి ఇంకా కష్టమైంది. పొద్దున ఉడకబెట్టిన గుడ్లు, మధ్యాహ్నం గట్టిగా వండిన పప్పు, పెరుగు, దొరికిన రోజు చేప, సాయంత్రం గుప్పెడు వేరుశనగ గింజలు. ప్రతి పూటా ఏదో ఒక మాంసకృత్తులున్న పదార్థం ఉండాల్సిందేనని ఫిజియో పట్టుబట్టింది. కర్టెన్లమ్మకు ఆకలీ లేదు, రుచీ లేదు. గుడ్డు నోట్లో పెట్టుకుని గోడ వంక చూస్తూ నమిలేది. మింగేది. ఇంకో ముక్క పెట్టుకునేది. ఎలాగూ వండుతున్నానని ఆయనకూ అదే పెట్టడంతో, ఆయన బుగ్గలకు కాస్త రంగొచ్చింది.

తోడికోడలు పళ్లెం వంక చూసి, "ఏంటక్కయ్యా, ముసలితనంలో పోటీలకు గానీ వెళ్తున్నావా?" అంది.

"గెలిస్తే సగం నీకిస్తాలే" అంది కర్టెన్లమ్మ. హాస్యంగానే అంది. ముఖంలో మాత్రం ఏమీ లేదు. తోడికోడలు నవ్వాలో వద్దో తెలియక కిందికి దిగిపోయింది. ఆ రోజు నుంచి పప్పు తనే వండి పంపడం మొదలుపెట్టింది.

అప్పటిదాకా తాళాలతనూ తోడికోడలూ కలిసి మేస్త్రిని ఎత్తి కూర్చోబెట్టేవాళ్లు. తాళాలతను పని మీద ఎటైనా వెళ్తే ఆ పూటకు ఆయన మంచానికే అంటుకుని ఉండేవాడు. కింద చాప మీద పడుకున్న మరిదికి పైన జరిగేదంతా పైకప్పులోంచి వినబడేది. వదిన కుర్చీలోంచి లేచి, తిరిగి కూర్చునేటప్పుడు దబ్బుమని పడేది. దబ్బు. కాసేపాగి మళ్లీ దబ్బు. కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున ఎంతసేపు విన్నా ఏ చప్పుడూ లేదు. మరిది పడుకున్నచోటి నుంచే గొంతు చించుకున్నాడు.

"వదినా! మానేశావా?"

పైనుంచి జవాబు వచ్చింది. "లేదు. చేస్తూనే ఉన్నా."

"మరి చప్పుడేదీ?"

ఆమె మళ్లీ కూర్చుని చూసింది. నిజమే. తొడలు బరువును ఆపుకుంటూ దిగుతున్నాయి, మెత్తగా, దూది మీద కూర్చున్నట్టు. కుర్చీ మీద గుడ్డ మడతలు ఎప్పుడో అయిపోయాయి.

ఫిజియో అది విని, ఇక ఆయన్ని లేపుదాం అంది. లాడ్జీ తెరల తలకట్టుకు, అంటే పై అంచుకు, వాడే మందపు పట్టీతో కర్టెన్లమ్మ ఒక నడికట్టు కుట్టింది, పట్టుకోవడానికి రెండు పక్కలా పిడులు పెట్టి. దాన్ని ఆయన నడుముకు బిగించింది. ఆయన మోకాలికి తన మోకాలు అడ్డు పెట్టింది. తుంటి కిందికి దింపింది.

"లాగొద్దు. మీరు లేవండి, అంతే. మీతో పాటు ఆయన వస్తారు" అంది ఫిజియో పక్కన నిలబడి.

ఆమె లేచింది. ఆయన వచ్చాడు. ఇద్దరూ ఎదురెదురుగా, నుదురు నుదురు తగిలేంత దగ్గరగా, ఒక్క క్షణం నిలబడ్డారు. ఆయనకు పక్షవాతం వచ్చాక అంత దగ్గరగా ఎప్పుడూ నిలబడలేదు. తర్వాత పాదాలు తిప్పుకుని ఆయన్ని కుర్చీలోకి దించింది.

"పడేస్తాననుకున్నారా?"

"సరే" అన్నాడాయన. సగం ముఖం నవ్వుతోంది.

ఆ సరేకు అర్థం ఆమెకు తెలిసింది. ఇది సంతోషించాల్సిన సంగతి అని కూడా తెలిసింది. తెలియడం వరకే. నడికట్టు విప్పి, మడతపెట్టి, మేకుకు తగిలించింది.

ఆ తర్వాత చాలాకాలం, ఇంకెవరి సాయమూ లేకుండా, ఆమే ఆయన్ని లేపింది, ఆసుపత్రి వాళ్లిచ్చిన చక్రాల కుర్చీలో తీసుకెళ్లి స్నానం చేయించింది, కిటికీ దగ్గర మామూలు కుర్చీలో కూర్చోబెట్టింది. ఎదురుగా కొత్త మేడ లేస్తోంది. పనివాళ్లు లిఫ్టు గొయ్యిలోకి తాళ్లు దించుతుంటే మేస్త్రి మెడ సాచి చూసేవాడు. తాడు వంకరగా దిగితే గట్టిగా "సరే! సరే!" అని అరిచేవాడు. ఆమె మిషను ఆపి, కిటికీలోంచి తల బయటికి పెట్టి, "తాడు చూసుకోండి నాయనా, లోపల మా మేస్త్రి కోప్పడుతున్నాడు" అని చెప్పేది. వాళ్లు నిజంగానే చూసుకునేవాళ్లు. ఆయనను చూసుకునే చోటు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఒక వాన మధ్యాహ్నం ఆమె ఆసుపత్రి తెరలు కుడుతోంది. పొడుగు కుట్టు, చాలాసేపు తల ఎత్తలేదు. దారం అయిపోయి ఎత్తి చూస్తే ఆయన తల భుజం మీదికి వాలి ఉంది. "ఏవండీ" అంది. లేచి వెళ్లి చెయ్యి పట్టుకుంది. ఇంకోసారి పిలవలేదు.

నడికట్టు తెచ్చి కట్టింది. ఇదివరకు ఎడమకాలు ఎంతో కొంత ఊతమిచ్చేది, ఎడమచెయ్యి ఆమె భుజం పట్టుకునేది. ఇప్పుడు ఏదీ లేదు. మోకాలు అడ్డుపెట్టి, తుంటి దింపి, ఆ బరువంతా తనమీద వేసుకుని లేచింది. మంచం దాకా చేర్చింది. పడుకోబెట్టింది. కళ్లు మూసింది, కాళ్లు సరిచేసింది, చొక్కా కిందికి లాగింది. అప్పుడు మెట్లు దిగి వెళ్లి చెప్పింది.

మరిది, నడుం పట్టీతోనే, గోడ పట్టుకుంటూ పైకొచ్చాడు. అన్నను చూశాడు. కుర్చీని చూశాడు. మంచాన్ని చూశాడు.

"ఒక్కదానివే ఎలా ఎత్తావు వదినా?"

"లేచాను" అందామె.

అతను నేలమీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె అతని వెన్ను నిమిరింది. వచ్చినవాళ్లంతా ఆమె ముఖంలోకి చూసి, గుండె రాయి చేసుకుందన్నారు. ఆమె ఏమీ చేసుకోలేదు. దానంతట అదే అలా ఉంది.

మర్నాడు మామూలుగానే లేచి కుర్చీ ముందు నిలబడింది. ఏం చెయ్యాలో తెలుసు. దేనికో తెలియలేదు. సీసం సంచులు బల్లకిందికి నెట్టేసింది. గుడ్లు తోడికోడలికి ఇచ్చేసింది. పొద్దున టీ, బ్రెడ్డు ముక్క. పప్పు పంపితే గిన్నె అలాగే తిరిగి వెళ్లేది. తోడికోడలు పోరి పోరి ఊరుకుంది. కుట్టుపని మాత్రం ఆగలేదు. తెరలు వస్తూనే ఉన్నాయి, కిటికీలకు చావులేదు.

కొన్ని నెలలకు ఫిజియో వచ్చింది, చక్రాల కుర్చీ తీసుకువెళ్లడానికి. అది ఆసుపత్రిది. వచ్చినావిడ కుర్చీ కంటే ముందు కర్టెన్లమ్మ చేతుల వంక చూసింది.

"మానేశారు."

"ఇంక ఎవర్ని ఎత్తాలి?"

"నాకు తెలీదమ్మా" అంది ఫిజియో. "రేపు నాతో ఒక ఇంటికి మాత్రం రండి. గడియారాలు బాగుచేసే పెద్దాయన. భార్యకు తుంటి ఎముక విరిగింది. నేను చెబితే వినడం లేదు. జీతం కోసం చెబుతున్నాననుకుంటున్నాడు."

కాదనడానికి ఓపిక లేక వెళ్లింది. గడియారాలాయన ఈనెపుల్ల. ఇల్లంతా టిక్కుటిక్కులు. భార్య మంచం మీది నుంచే ఆయన్ని ఆడిపోసుకుంటోంది. "నన్ను లేపమంటే తనే పడిపోతున్నాడు చూడండి. ఇద్దర్నీ ఎవరు లేపాలి?"

"నడికట్టు తెచ్చాను" అంది కర్టెన్లమ్మ. "చూడండి, ఇలా."

కట్టింది. మోకాలు అడ్డు పెట్టింది. తుంటి దింపింది. లేవబోతే తొడలు గజగజా వణికాయి. సగంలో ఆగిపోయింది. ఈ ముసలమ్మ మేస్త్రిలో సగం బరువు కూడా ఉండదు. పక్కనుంచి ఫిజియో చెయ్యి వెయ్యకపోతే మంచం మీదికే ఒరిగిపోయేది.

అప్పుడు కర్టెన్లమ్మకు చిరాకేసింది. ఒళ్లు మండేంత చిరాకు. ఇన్నాళ్లు గుడ్లు నమిలి, గోడలు నెట్టి, మడత మీద మడత తీసి సంపాదించుకున్న బలం, తనకు చెప్పకుండా కారిపోయింది. ఎవరో తన ఇంట్లోకి వచ్చి తన సామాను ఎత్తుకెళ్లినట్టు కోపం. చాలాకాలానికి ఆమెకు ఏదైనా అనిపించిందంటే అదే.

"ఇదివరకు ఆరడుగుల మనిషిని ఎత్తేదాన్ని" అంది గట్టిగా, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు.

"అయితే మళ్లీ ఎత్తండి" అంది మంచం మీది ముసలమ్మ. "నాకేం తొందరలేదు. ఎక్కడికీ పోలేను."

గడియారాలాయన బిక్కమొహం వేసుకుని, "నాకూ వస్తుందంటారా అమ్మా?" అని అడిగాడు.

"పొద్దున ఏం తిన్నారు?" అంది కర్టెన్లమ్మ.

"టీ..."

"ముందు అది మానండి. టీ కాదు, టీతోనే సరిపెట్టుకోవడం" అని, తిరిగి వచ్చేటప్పుడు దారిలో గుడ్లు కొంది. ఇంటికొచ్చి బల్ల కింద నుంచి సంచులు లాగింది. పాత బరువు ఎత్తలేకపోయింది. తిట్టుకుంటూ బిళ్లలు సగం తీసేసి, మళ్లీ మొదలుపెట్టింది.

గడియారాలాయనా ఆమే దాదాపు ఒకేసారి బలపడ్డారు. ఆయన భార్యను తనే లేపి వరండాలోకి తెచ్చిన రోజున, "చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నావు" అని ఆవిడ నలుగురిలో చీవాట్లు పెట్టింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత ఫిజియో ఇంకో ఇంటికి తీసుకెళ్లింది, ఆపైన ఇంకో ఇంటికి. పక్షవాతం వచ్చిన అత్తగారిని చూసుకునే కోడలు, మతిమరుపు అక్కను చూసుకునే చెల్లెలు. అందరూ ఎదుటివాళ్లకు తినిపించి తాము తినడం మర్చిపోయినవాళ్లే. వాళ్లందరికీ కర్టెన్లమ్మ నడికట్లు కుట్టి ఇచ్చింది. మొదటిసారి మనుషుల కొలతలు తీసుకుంది.

ఇప్పుడామెకు డెబ్బై. గుడ్డల తానును భుజాన వేసుకుని మేడ మెట్లెక్కుతుంది, మధ్యలో ఆగదు. మరిది ఇంట్లో బరువైనదేదైనా జరపాల్సి వస్తే అతన్ని కూర్చోమని తనే జరుపుతుంది. భర్త కోసం ఇప్పటికీ ఏడవలేదు. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంటుంది. దాన్ని చూస్తే ఒక్కోసారి మిషను ఆపేస్తుంది, కాసేపటికి మళ్లీ తొక్కుతుంది. అది దుఃఖమా అని తోడికోడలు అడిగితే, "ఏమో, నాకు తెలియదు" అంటుంది.

ఈమధ్య కొత్తగా వెళ్లిన ఒక ఇంట్లో కోడలు అడిగింది. "మీవారు పోయి ఇన్నేళ్లయింది కదా పెద్దమ్మా. ఇంకా దేనికి చేస్తున్నారు ఇవన్నీ?"

కర్టెన్లమ్మ నడికట్టు పిడులు సరిచేసింది.

"తెల్లారితే మంచం మీంచి నన్ను నేను లేపుకోవాలి కదమ్మా" అంది. "ఇటు రా, పాదాలు దూరంగా పెట్టు. ఇంకొంచెం."